సుద్ద నేల, బెట్ట, లేత ఆలివ్: తొలి మూడేళ్ల లెక్క

ఆలివ్‌కు సున్నపు నేల బాగా పడుతుందనీ, నీళ్లు లేకపోయినా బతికేస్తుందనీ అనడం వింటూంటాం. ముదురు చెట్టు విషయంలో అది నిజమే. ట్యునీషియాలోని స్ఫాక్స్ చుట్టుపక్కల ఏడాదికి సుమారు 200 మి.మీ. వానతోనే తోటలు నిలబడి ఉన్నాయి. అయితే అక్కడ చెట్టుకూ చెట్టుకూ మధ్య 24 మీటర్ల ఎడం ఉంటుంది. హెక్టారుకు 17 చెట్లే. అంటే ఒక్కో చెట్టు వేళ్లకు 576 చదరపు మీటర్ల నేల దొరుకుతుంది. దాని మీద పడే 200 మి.మీ. వానను లెక్కగడితే ఏడాదికి లక్షా పదిహేను వేల లీటర్లు. అందులో ఆవిరయ్యేదీ, కలుపు తాగేదీ తీసేసినా మిగిలేది తక్కువేమీ కాదు. పైగా అక్కడిది నీటిని గబగబా లోపలికి తీసుకునే ఇసుక నేల. నర్సరీ నుంచి నిన్న వచ్చిన మొక్క వేళ్ల కింద ఉన్నది లీటరున్నర మట్టి. చెట్టుకున్న పేరు చూసి మొక్కను దాని మానాన వదిలేస్తే తొలి వేసవే దాటదు.

ఇంకో తేడా కూడా ఉంది. విత్తనం నుంచి మొలిచిన ఆలివ్‌కు తల్లివేరు ఉంటుంది. నర్సరీల్లో అమ్మేవి చాలావరకు కొమ్మ ముక్కల నుంచి పెంచినవి. వాటికి తల్లివేరు ఉండదు, మొదలు చుట్టూ పుట్టిన పక్కవేళ్లే ఉంటాయి. అవి లోతుకు పోతాయా, పైపైనే తిరుగుతాయా అన్నది నేలనూ, నీళ్లు పెట్టే పద్ధతినీ బట్టే ఉంటుంది. సుద్ద నేలలో ఈ రెండూ పట్టుకుంటే మిగతా పని తేలిక.

తెల్ల నేలలన్నీ ఒకటి కావు

పైకి తెల్లగా కనిపించే నేల కింద మూడు రకాల పొరలు ఉండొచ్చు. మెత్తటి సుద్ద లేదా సున్నపు బంకమన్ను ఒకటి. పగుళ్లున్న గట్టి సున్నపురాయి, ఆ పగుళ్లలో ఎర్రమట్టి ఇంకొకటి. సున్నం గట్టిపడి సిమెంటు పలకలా పరుచుకున్న కంకర పొర మూడోది. మొదటిది ఆలివ్‌కు మేలు చేయగలదు. సుద్ద పరిమాణంలో మూడో వంతుకు పైగా సన్నటి రంధ్రాలే. వాటిలో నీరు నిల్వ ఉంటుంది, పైపొర ఎండినప్పుడు కింద నుంచి మెల్లగా పైకి పాకుతుంది. ఆ రంధ్రాలు వేరు దూరలేనంత సన్నవి. అందుకే వేళ్లు పగుళ్ల వెంట దిగి, పగులు గోడల నుంచి నీరు పీల్చుకుంటాయి. పగుళ్లు లేని చోట సుద్దలో నీరున్నా మొక్కకు అందదు.

రెండో రకంలో ఎర్రమట్టి ఎక్కడ లోతుగా ఉందో గడ్డపారతో చూసుకుని అక్కడ నాటాలి. ప్రమాదమంతా మూడో రకంతోనే. కంకర పొర 30–40 సెం.మీ. లోతులో ఉంటే వానకాలంలో నీరు దాని మీదే నిలుస్తుంది, వేసవిలో వేరు అక్కడే ఆగిపోతుంది. అంటే ఒకే మొక్క ఏడాదిలో ఒకసారి మునుగుతుంది, ఒకసారి ఎండుతుంది. ఆ పొరను నేల ఎండి ఉన్నప్పుడు సబ్‌సాయిలర్ అనే లోతు నాగలితో 60–80 సెం.మీ. లోతు వరకు చీల్చాలి. తడిలో చీలిస్తే పొర పగలదు, కత్తి పోయిన దారి మాత్రం నున్నగా మెత్తుకుపోతుంది. చీల్చాలే గానీ తిరగేయకూడదు. లోపలి తెల్లమట్టి పైకి వస్తే వేళ్లు ఎక్కువగా ఉండే మేరలోనే సున్నం పెరుగుతుంది.

నాటే ముందు చేయాల్సిన పరీక్ష ఖర్చు లేనిది. అడుగు లోతు గుంత తీసి నీటితో నింపి ఇంకనివ్వాలి, మళ్లీ నింపాలి. రెండోసారి గంటకు రెండున్నర సెం.మీ. కూడా దిగకపోతే అక్కడ మట్టిని ఎత్తుగా పోసి దాని మీద నాటడమే మార్గం. గుంత అడుగున గులకరాళ్లు పోస్తే నీరు దిగిపోతుందని కొందరు పోస్తుంటారు. జరిగేది అందుకు విరుద్ధం. సన్నమట్టి పూర్తిగా నానేదాకా నీరు గులకరాళ్లలోకి దిగదు. దాంతో తడి వేళ్ల దగ్గరే నిలిచిపోతుంది.

మట్టి పరీక్ష చేయిస్తే పీహెచ్‌తో ఆపేయకూడదు. సున్నపు నేలల పీహెచ్ చాలావరకు 7.5 నుంచి 8.5 మధ్యే తిరుగుతుంది కాబట్టి ఆ అంకె పెద్దగా ఏమీ చెప్పదు. మొత్తం సున్నం శాతం కూడా అంతే. రెండు నేలల్లో 40 శాతం చొప్పున సున్నం ఉన్నా, ఒకదానిలో అది ఇసుక రేణువంత ఉండి, రెండోదానిలో పిండిలా ఉండొచ్చు. పిండిలా ఉన్న సున్నమే వేరు దగ్గర చురుగ్గా కరుగుతుంది. ప్రయోగశాలలు దీన్ని అమ్మోనియం ఆక్సలేట్‌తో కొలిచి ‘క్రియాశీల సున్నం’ అని విడిగా ఇస్తాయి. అడిగి తీసుకోవాల్సిన అంకె అదే. సుద్ద స్వభావం ఎప్పుడూ పిండి వైపే.

ఆకు పసుపెక్కేది ఎండకు కాదు, తడికి

సున్నపు నేలలో ఇనుము లేక కాదు, కరగక ఇబ్బంది. పీహెచ్ ఒక అంకె పెరిగితే కరిగి ఉండే ఫెర్రిక్ ఇనుము వెయ్యో వంతుకు పడిపోతుంది. ఆలివ్ వేరు ఊరికే కూర్చోదు. చుట్టూ ఆమ్లాన్ని వదిలి ఇనుమును కరిగిస్తుంది, వేరు పైపొరలోని ఎంజైమ్‌తో దాన్ని ఫెర్రస్ రూపానికి మార్చి లోపలికి తీసుకుంటుంది. ఈ పనికి అడ్డుపడేది బైకార్బొనేట్. వేరు వదిలిన ఆమ్లాన్ని అది అక్కడికక్కడే విరిచేస్తుంది.

ఈ బైకార్బొనేట్ ఎక్కడి నుంచి వస్తుందో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. వేళ్లూ, మట్టిలోని సూక్ష్మజీవులూ వదిలే కార్బన్ డయాక్సైడ్ మామూలుగా మట్టి రంధ్రాల గుండా గాలిలోకి పోతుంది. రంధ్రాలు నీటితో నిండితే అది పోలేక నీటిలో కలిసి సున్నాన్ని కరిగిస్తుంది, బైకార్బొనేట్ తయారవుతుంది. అంటే సున్నం ఎంతున్నా నేల గుల్లగా, గాలాడుతూ ఉంటే మొక్క నెట్టుకొస్తుంది. అదే నేల వారం పది రోజులు నానితే కొత్త చిగుళ్లు పసుపెక్కుతాయి. సుద్ద నేలలో లేత ఆలివ్‌ను పాడుచేసేది మధ్యధరా వాతావరణంలో చాలాసార్లు వేసవి బెట్ట కన్నా ముందు వచ్చే వసంతకాలపు తడే. అప్పుడు దెబ్బతిన్న వేరు లోతుకు దిగదు. వేసవిలో మొక్క ఎండిపోతే నింద ఎండ మీదికి పోతుంది.

అందుకే పసుపు ఎప్పుడు వచ్చిందన్నది ముఖ్యం. వానల తర్వాత చిగుళ్లు పసుపెక్కి, నేల ఆరేకొద్దీ తర్వాతి ఆకులు పచ్చగా వస్తుంటే కారణం తడి. మందు అక్కర్లేదు, మురుగు నీరు పోయే దారి చూడాలి. అదే పసుపు వేసవిలో, డ్రిప్ నడుస్తున్న కొద్దీ పెరుగుతుంటే పెట్టే నీటిలోనే బైకార్బొనేట్ ఎక్కువని అనుమానించాలి. డ్రిప్పర్ల మూతి దగ్గర తెల్లటి పొలుసు కట్టడం దానికి గుర్తు. నీటి పరీక్షలో లీటరుకు 300 మి.గ్రా. దాటితే నీటిని ఆమ్లంతో సరిచేసే ఆలోచన చేయాలి. పీహెచ్ 6–6.5 దగ్గర ఆపితే చాలు, ఇంకా దించితే గొట్టాలకూ వేళ్లకూ చేటు. ఆమ్లాన్ని నీటిలో పోయాలి, నీటిని ఆమ్లంలో ఎప్పుడూ పోయకూడదు. సున్నం ఉన్న నీటికి ఫాస్ఫారిక్ ఆమ్లం వాడేటప్పుడు పీహెచ్ సరిగా దిగకపోతే కాల్షియం ఫాస్ఫేట్ పేరుకుని డ్రిప్పర్లు ఇంకా త్వరగా మూసుకుపోతాయి.

ఇనుపధాతు లోపాన్ని ఇతర లోపాలతో కలపకుండా చూడటం కూడా అవసరమే. ఇనుము లోపిస్తే కొన చిగుళ్లు ముందు పాలిపోతాయి, ముదురు ఆకులు పచ్చగానే ఉంటాయి. ఆలివ్ ఆకు సన్నం కాబట్టి వెడల్పాటి ఆకుల్లో కనిపించే పచ్చటి ఈనెల వల ఇక్కడ అంత స్పష్టంగా ఉండదు. నత్రజని లోపం ముదురు ఆకులతో మొదలవుతుంది. ఆకు కొన మాత్రం పసుపై, కాడ వైపు పచ్చగా మిగిలితే బోరాన్ వైపు చూడాలి. కొన ఎండి గోధుమ రంగుకు తిరిగితే పొటాష్. ఇనుము విషయంలో ఆకు పరీక్ష దారి తప్పిస్తుంది. పాలిపోయిన ఆకులో ఉన్న మొత్తం ఇనుము పచ్చటి ఆకులో ఉన్నంతే తేలుతుంటుంది. ఆకులోకి చేరినా పనికొచ్చే రూపంలో ఉండదు మరి. కంటికి కనిపించేదీ, ఒక మొక్కకు చీలేట్ (ఇనుమును కరిగిన రూపంలో పట్టి ఉంచే మందు) పోసి చూసిన ఫలితమూ ఇక్కడ ప్రయోగశాల కాగితం కన్నా నమ్మదగ్గవి.

గంధకం లెక్క, చీలేట్ లెక్క

నేలనే మార్చేద్దామని గంధకం చల్లేవాళ్లు ఒక్కసారి లెక్క వేసుకోవాలి. ఒక మొక్క వేళ్లకు ఒక ఘనపు మీటరు మట్టి అనుకుందాం. బరువు సుమారు 1300 కిలోలు. సున్నం 20 శాతమైతే 260 కిలోలు. ప్రతి 100 కిలోల సున్నానికి 32 కిలోల గంధకం కావాలి. అంటే ఒక్క మొక్కకు 83 కిలోలు! గుప్పెడు గంధకంతో నేల పీహెచ్ దిగుతుందన్న ఆశ ఈ అంకె ముందు నిలవదు. నీటిలో కాస్త వెనిగర్ కలిపి పోయడం కూడా ఇంతే.

అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) మట్టిలో వేస్తే సున్నపు నేలలో త్వరలోనే తుప్పుగా మారి పనికిరాకుండా పోతుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేస్తే చుక్క పడిన చోట మచ్చలు మచ్చలుగా పచ్చబడుతుంది. ఆలివ్ ఆకు మైనపు పొర వల్ల అంతకు మించి ఆశించలేం. చీలేట్లలోనూ అన్నీ ఒకటి కావు. ఈడీటీఏ చీలేట్ పీహెచ్ 6.5 దాటితే ఇనుమును వదిలి కాల్షియాన్ని పట్టుకుంటుంది. డీటీపీఏ సుమారు 7.5 దాకా నిలుస్తుంది. సుద్ద నేలలో పనిచేసేది ఈడీడీహెచ్ఏ ఒక్కటే అనుకోవచ్చు. లేబుల్ మీద మొత్తం ఇనుము శాతం పక్కనే సున్నపు నేలలో గట్టిగా నిలిచే ఆర్థో-ఆర్థో రూపంలో ఎంత ఉందో రాసి ఉంటుంది. కొనేది ఆ అంకె చూసి కొనాలి.

మొదటి రెండేళ్ల మొక్కకు సాధారణంగా 5 నుంచి 15 గ్రాములు సరిపోతాయి. లేబుల్ మోతాదు వేరుగా ఉంటే దాన్నే పాటించాలి. చలి తగ్గి మొగ్గలు కదలబోయే వేళ, నీటిలో కలిపి, వేళ్లున్న మేర చిన్న గాడులు తీసి పోసి మట్టి కప్పాలి. ఆ ఎర్రటి ద్రావణం ఎండకు విరిగిపోతుంది, అందుకే సాయంత్రం పూట పోయడం మేలు. పోసిన వెంటనే పెద్ద తడి ఇస్తే మందు నీటితోపాటు వేళ్లు దాటి కిందికి పోతుంది. వచ్చిన పచ్చదనం ఒక సీజన్‌కే, మరుసటి ఏడు మళ్లీ పోయాలి.

ఎక్కువ కాలం పనిచేసేది వివియనైట్ అనే ఫెర్రస్ ఫాస్ఫేట్. దక్షిణ స్పెయిన్ ఆలివ్ తోటల్లో దీన్ని పరీక్షించి చూశారు. బరువులో మూడు పాళ్ల అన్నభేదికి ఒక పాలు డైఅమ్మోనియం ఫాస్ఫేట్ చొప్పున నీటిలో కలిపితే సన్నటి మడ్డి పేరుతుంది. దాన్ని కలియబెడుతూ వేళ్ల మేరలో మట్టిలోకి దించుతారు. అది ఆక్సీకరణ చెందినా గట్టి తుప్పుగా మారదు. సరిగా స్ఫటికం కట్టని ఇనుముగా మిగిలి, వేరుకు కొన్నేళ్లపాటు కొద్దికొద్దిగా అందుతుంది. నాటేటప్పుడే వేస్తే గుంత మళ్లీ తవ్వే పని తప్పుతుంది.

బెట్టలో ఆకు చేసే పని

ఆలివ్ ఆకు బెట్టకే పుట్టినట్టు ఉంటుంది. పత్రరంధ్రాలన్నీ ఆకు అడుగునే ఉంటాయి. వాటి మీద చిన్న గొడుగుల్లాంటి రోమాలు దట్టంగా పరుచుకుని వేడిగాలిని అడ్డుకుంటాయి. ఆకు అడుగు వెండిలా మెరిసేది వాటివల్లే. మధ్యాహ్నం రంధ్రాలు మూసుకుంటాయి. మొక్క కణాల్లో మానిటాల్ అనే చక్కెర లాంటి పదార్థాన్నీ, గ్లూకోజునూ పోగుచేసి మట్టి నుంచి నీటిని బలంగా లాగుతుంది. చాలా పంటలు మట్టి నీటి పొటెన్షియల్ (మట్టి నీటిని ఎంత గట్టిగా పట్టి ఉంచిందో చెప్పే అంకె, మైనస్ పెరిగేకొద్దీ పట్టు ఎక్కువ) మైనస్ 1.5 మెగాపాస్కల్ దగ్గర చేతులెత్తేస్తే, ఆలివ్ మైనస్ 2.5 దాకా లాగగలదు. సుద్ద రంధ్రాల్లో గట్టిగా పట్టి ఉన్న నీటిని తాగడానికి ఈ గుణం బాగా పనికొస్తుంది. వేరు అక్కడిదాకా చేరి ఉండాలి, అంతే.

ఈ తట్టుకునే శక్తికి మొక్క చెల్లించే మూల్యం ఎదుగుదల. రంధ్రాలు మూసుకోవడానికి చాలా ముందే చిగురు ఆగుతుంది. ఆకు నడిమి ఈనె వెంట మడుచుకోవడం, మెరుపు తగ్గడం, ముదురు ఆకులు రాలడం ఆ తర్వాతి మెట్లు. ఇక్కడిదాకా కోలుకోవచ్చు, కానీ నీళ్లు పెట్టిన మర్నాడే పచ్చగా కావాలని ఆశపడి మళ్లీ మళ్లీ పోయకూడదు. రంధ్రాలు పూర్తిగా తెరుచుకోవడానికి రోజులు పడుతుంది. కొన నుంచి కొమ్మ ఎండుతూ వస్తే మాత్రం నష్టం జరిగిపోయినట్టే.

బెట్టకూ సున్నానికీ ముడి పడే మరో చోటు పొటాష్. సున్నపు నేలలో కాల్షియం పొటాష్‌కు పోటీ వస్తుంది. నేల ఎండితే పొటాష్ వేరు దాకా కదలదు. పొటాష్ తక్కువైన ఆలివ్ బెట్టలోనూ పత్రరంధ్రాలను సరిగా మూయలేదు. నీళ్లు లేనప్పుడే నీళ్లు ఎక్కువ పారబోసుకుంటుందన్నమాట. వేసవి నడుమ ఆ ఏటి కొమ్మల మధ్య ఆకులు కోసి పరీక్షిస్తే 0.8 శాతం పైన ఉండాలి, 0.4 అంటే గట్టి లోపమే. పిచికారీకి పొటాషియం నైట్రేట్ 1–2 శాతం ద్రావణం వాడతారు. వసంతంలో, ఆకు లేతగా ఉండి మొక్కకు నీరు అందుతున్నప్పుడే అది ఎక్కుతుంది. బెట్ట ముదిరాక చేస్తే వృథా.

నాటడం, తడులు

నర్సరీ మట్టి పీహెచ్ సాధారణంగా 6 చుట్టూ ఉంటుంది. దాన్ని దాటి బయటికొచ్చిన వేరు తల ఒక్కసారిగా 8 ఉన్న మట్టిలో పడుతుంది. గుంతనిండా కంపోస్టు నింపితే ఈ దెబ్బ వాయిదా పడుతుందే గానీ తప్పదు. పైగా వేళ్లు ఆ మెత్తటి గుంతలోనే చుట్టుకుంటూ ఉండిపోతాయి, వానకు గుంత తొట్టిలా నిండుతుంది. పై మట్టిని విడిగా తీసి దాన్నే వేళ్ల చుట్టూ వేయాలి. అడుగు నుంచి వచ్చిన తెల్లమట్టితో పాదు గట్టు కట్టొచ్చు. కంపోస్టు నేల మీద పరచాలి. వేరు ముద్ద చుట్టూ తిరిగిన వేళ్లను మూడు నాలుగు చోట్ల నిలువుగా పైపైన కోస్తే కొత్త వేళ్లు బయటికి వస్తాయి. చలికి గడ్డకట్టని చోట శరత్కాలంలో నాటితే వేసవిలోపు వేరు సాగడానికి ఏడెనిమిది నెలలు దొరుకుతాయి. మంచు పడే చోట చలి చివర్లో నాటక తప్పదు.

మొదటి నెల నీరు మొదలు దగ్గరే, వేరు ముద్ద మీదే పడాలి. పీట్ కలిసిన నర్సరీ మట్టి ఒకసారి పూర్తిగా ఎండితే నీటిని పట్టదు. చుట్టూ నేల తడిగా ఉన్నా ముద్ద ఎండే ఉంటుంది.

ఎన్ని లీటర్లు? ఆకుల గుబురు అర మీటరు వెడల్పు ఉంటే దాని నీడ సుమారు 0.2 చదరపు మీటర్లు. ఒంటరి చిన్న మొక్కకు పక్కల నుంచి కూడా వేడి తగులుతుంది కాబట్టి దాన్ని రెండింతలు చేయాలి. నడి వేసవిలో రోజుకు 7 మి.మీ. ఆవిరి, ఆలివ్ గుణకం (ఆ ఆవిరిలో ఆలివ్ వాడుకునే వంతు) 0.65 తీసుకుంటే రోజుకు 1.8 లీటర్లు, వారానికి పన్నెండున్నర. గుబురు మీటరు వెడల్పుకు పెరిగితే ఇదే లెక్క వారానికి 50 లీటర్లు అవుతుంది. రెండో ఏడు నుంచి అందులో సగమే ఇచ్చినా మొక్క బతుకుతుంది, ఎదుగుదల నెమ్మదిస్తుంది. ఏది కావాలన్నది నీటి లభ్యతను బట్టి తేల్చుకోవాలి.

మొత్తం కన్నా విడతలు ముఖ్యం. రోజుకు రెండు లీటర్లు పోస్తే పై 10 సెం.మీ. ఎప్పుడూ తడిగా, కింద ఎప్పుడూ పొడిగా ఉంటుంది. వారానికోసారి నెమ్మదిగా 12–15 లీటర్లు దిగనిస్తే వేరు తడి వెంట కిందికి పోతుంది. రెండు తడుల మధ్య పైపొర ఆరాలి, అప్పుడే గాలి లోపలికి పోతుంది. ఇక్కడ తెల్ల నేల కంటిని మోసం చేస్తుంది. సుద్ద పైన ఎండి పొడిపొడిగా, పాలతెలుపుగా ఉన్నా వేలెడు కింద మంచి పదును ఉండొచ్చు. రంగు చూసి నీళ్లు పెట్టేవాళ్లు దాదాపు ఎప్పుడూ ఎక్కువే పెడతారు. సన్నటి ఇనుప చువ్వ గుచ్చి చూడాలి. 20–25 సెం.మీ. దాకా సులువుగా దిగితే తడి ఆపొచ్చు.

తెల్ల నేల వెలుతురును కింద నుంచి పైకి కొడుతుంది. ఆకు అడుగుకూ, లేత కాండానికీ వేడి తగులుతుంది. మొదలుకు తెల్లటి తొడుగు వేసి, చుట్టూ 5–8 సెం.మీ. మందాన చెత్త పరిస్తే రెండు పనులూ అవుతాయి. కాండానికి మాత్రం జానెడు ఎడం ఉంచాలి. మీటరు మేర కలుపు ఉండకూడదు. వరుసల మధ్య గడ్డి విషయం వేరు. గడ్డిజాతి వేళ్లు ఇనుమును కరిగించే పదార్థాలను వదులుతాయి, పక్కనున్న ఆలివ్‌కూ అది అందుతుంది, వసంతపు మిగులు తడినీ గడ్డే తాగేస్తుంది. నేల ఆరడం మొదలవగానే దాన్ని కోసి అక్కడే పరిచేయాలి. రెండు వారాలు ఆలస్యమైతే అదే గడ్డి మొక్క నీటిని తాగుతుంది.

ఎరువుగా మొదటి ఏడాది 40 గ్రాముల చొప్పున ఐదు దఫాలు అమ్మోనియం సల్ఫేట్ చాలు. అమ్మోనియం తీసుకునేటప్పుడు వేరు ఆమ్లాన్ని వదులుతుంది, నైట్రేట్ తీసుకుంటే జరిగేది దీనికి రివర్సు. అయితే సున్నపు నేల పైన చల్లి వదిలేస్తే అమ్మోనియా గాలికి పోతుంది. మట్టిలో కలిపి నీళ్లు పెట్టాలి. వేసవి చివర ఆపేయాలి, లేకపోతే లేత కొమ్మలు చలికి మాడతాయి.

రకం ఎంపికలో వెసులుబాటు ఉంటే వాడుకోవాలి. ద్రాక్షకు సుద్ద నేలల కోసం 41బి లాంటి వేరుమూలాలు (అంటు కట్టేందుకు వాడే అడుగు మొక్కలు) ఉన్నాయి. ఆలివ్ చాలావరకు సొంత వేళ్ల మీదే పెరుగుతుంది కాబట్టి రకమే వేరు కూడా. స్పెయిన్ రకాల్లో ఓహిబ్లాంకా, లెచిన్ దె సెవియా సున్నపు నేలకు నప్పుతాయి. పికువాల్ అతి సున్నానికీ బెట్టకూ అంతగా ఓర్చుకోదు. కొత్త ఇరుకు తోటల్లో ఎక్కువగా నాటే అర్బెకీనా సున్నం మరీ ఎక్కువైతే త్వరగా పాలిపోతుంది.

రెండో ఏడు డ్రిప్పర్లను మొదలు నుంచి 40–50 సెం.మీ. దూరం జరిపి, తడికీ తడికీ మధ్య రెండు మూడు వారాల ఎడం అలవాటు చేయాలి. మూడో ఏడు వసంతం చివర, తడి ఆపిన మూడు వారాలకు కూడా చిగురు సాగుతూనే ఉంటే వేరు సుద్ద పగుళ్లలోకి దిగినట్టు. చిగురు ఆగితే ఆ వేసవికీ పాత తడులే కొనసాగించాలి.